సోకు ఒకరిది, సొమ్ము మరొకరిది

'సొమ్మొకడిది, సోకొకడిది' అని మన తెలుగువారి సామెత. పరుల ధనముతో దర్జా వెలగబెట్టే వానిని చూచి పెద్దలు అన్న మాట ఇది. క్రీడాలోకపు చరిత్రను పరిశీలించినప్పుడు మాత్రం ఈ సామెతను తిరగవేసి చదువుకోవలసి వస్తుంది. అక్కడ సోకు విజేతది, సొమ్ము మరెవరిదో. ప్రపంచ విజేత అనిపించుకున్నవాడు పేదరికంలో కన్నుమూయడం, అతని ఆటకు టిక్కెట్లు అమ్మినవారు భాగ్యవంతులు కావడం ఏదో ఒకచోట జరిగిన వింత కాదు. అది ఒక పద్ధతి ప్రకారం జరిగినది. ఆ పద్ధతి అమెరికాలోని తొలితరం నల్లజాతి విజేతల విషయంలో ఎట్లా పనిచేసినదో, మన హైదరాబాదు నగరంలో అది వేరే రూపాలలో ఎట్లా కనిపించినదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆటనే జీవికగా చేసుకోవాలని ఆశపడే విద్యార్థులు మనలో ఉన్నారు. గచ్చిబౌలి మైదానాలకు తెల్లవారకముందే బస్సు పట్టుకొని వెళ్ళే పిల్లలను మనం రోజూ చూస్తున్నాము. గెలిస్తే చాలు, ధనం దానంతటదే వస్తుందని వారి నమ్మకం. చరిత్ర ఆ నమ్మకాన్ని పూర్తిగా సమర్థించడం లేదు. అందుచేత ఈ విషయం కేవలం గతానికి సంబంధించినది కాదు.

మూడు ద్వారాలు

ప్రతిభ మైదానంలో తేలుతుంది. పరుగుపందెంలో గడియారం ఎవరి పక్షమూ వహించదు. కాని ఆ ప్రతిభ ధనంగా మారడానికి మైదానం వెలుపల మూడు ద్వారాలను దాటవలసి ఉన్నది.

మొదటిది ప్రవేశద్వారం. పెద్ద పోటీలో, పెద్ద జట్టులో ఆడనివ్వడమో, ఆడనివ్వకపోవడమో ఇక్కడ నిర్ణయమవుతుంది. రెండవది ఒప్పందద్వారం. టిక్కెట్ల ద్వారా, ప్రసార హక్కుల ద్వారా వచ్చిన రాబడిలో ఆటగానికి ఎంత వాటా అనేది ఇక్కడ తేలుతుంది. మూడవది ప్రకటనద్వారం. విజేత పేరును, ముఖాన్ని ఉపయోగించుకొని సరుకులు అమ్ముకునే వ్యాపారులు అతనికి ఇచ్చే ప్రతిఫలం ఇక్కడి నుండి వస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మూసివేసినా విజేతకు చప్పట్లు మిగులుతాయి గాని చేతికి అందేది తగ్గిపోతుంది. ద్వారపాలకుడు ఎవరు, అతడు ఎవరిని లోపలికి రానిస్తాడు అన్నదే అసలు ప్రశ్న.

నల్లజాతి విజేతల అనుభవం

జాక్ జాన్సన్ 1878లో అమెరికాలోని గాల్వెస్టన్ పట్టణంలో జన్మించాడు. 1903 నాటికే 'వర్ణజాతుల హెవీవెయిట్ విజేత' అనే బిరుదు అతనికి దక్కినది. ఆ బిరుదు ఉండటమే అన్యాయానికి సాక్ష్యం. అసలైన ప్రపంచ బిరుదును తెల్లవారు తమలో తాము పంచుకునేవారు. జాన్ సలివన్, జిమ్ జెఫ్రీస్ వంటి విజేతలు తమ బిరుదును పణంగా పెట్టి నల్లవారితో తలపడుటకు నిరాకరించారు. జాన్సన్ టామీ బర్న్స్‌ను వెంటాడి వెంటాడి, చివరకు 1908 డిసెంబర్ 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో బరిలోకి దింపగలిగాడు. ఆనాటి ఒప్పందం ప్రకారం బర్న్స్‌కు 30,000 డాలర్లు, జాన్సన్‌కు 5,000 డాలర్లు. గెలిచినది జాన్సన్. మొత్తం పారితోషికంలో విజేతకు ముట్టినది ఏడింట ఒక వంతు. సవాలు చేసినవానికి తక్కువ ఇవ్వడం ముష్టియుద్ధ వృత్తిలో మామూలే. అయితే ఆ సవాలు చేసే అవకాశం కొరకే ఒకడు అయిదేండ్లు నిరీక్షించవలసి వచ్చినప్పుడు, బేరమాడే శక్తి అతనికి ఎక్కడ మిగులుతుంది? ప్రవేశద్వారం వద్ద చేసిన ఆలస్యమే ఒప్పందద్వారం వద్ద అతని ధరను తగ్గించినది.

1910 జులై 4న రీనో నగరంలో జాన్సన్ జెఫ్రీస్‌ను కూడా ఓడించాడు. ఈసారి పారితోషికం లక్ష డాలర్లు దాటినది. అంతకంటె ఎక్కువ రాబడిని ఆశింపజేసినది ఆ పోటీ చలనచిత్రం. కాని ఆ గెలుపు వార్త వ్యాపించగానే పలు నగరాలలో నల్లజాతివారిపై దాడులు జరిగి ప్రాణనష్టం సంభవించినది. అల్లర్ల సాకుతో చిత్ర ప్రదర్శనను అనేక చోట్ల నిషేధించారు. 1912లో అమెరికా కాంగ్రెస్ ముష్టియుద్ధ చిత్రాలను ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి తరలించరాదని చట్టమే చేసినది. ఒక నల్లవాని గెలుపును తెరపై చూడటం ఇష్టం లేనందువలన ఒక వ్యాపారమే స్తంభించిపోయినది. మరుసటి సంవత్సరం జాన్సన్‌ను మాన్ చట్టం క్రింద దోషిగా తేల్చారు. అతడు దేశం విడిచిపోయి, 1915లో హవానాలో బిరుదు కోల్పోయాడు. 1920లో తిరిగివచ్చి లొంగిపోయి శిక్ష అనుభవించాడు. ఆ తీర్పు అన్యాయమని అంగీకరిస్తూ ప్రభుత్వం అతనికి క్షమాభిక్ష ప్రకటించినది 2018లో. అప్పటికి అతడు మరణించి 72 సంవత్సరాలైనది.

జాన్సన్ తరువాత 22 సంవత్సరాల పాటు మరొక నల్లజాతీయునికి హెవీవెయిట్ బిరుదు కొరకు పోటీపడే అవకాశం రాలేదు. 1937లో జో లూయీకి వచ్చినది. కాని దానికి చెల్లించిన మూల్యం చూడండి. అప్పటి విజేత బ్రాడక్ తరఫు నిర్వాహకుడు, లూయీ పోటీల నిర్వాహకుని లాభాలలో పదింట ఒక వంతు పది సంవత్సరాల పాటు తమకు చెందవలెనని షరతు విధించాడు. ద్వారం తెరచుటకు తీసుకున్న సుంకం అది. లూయీ దాదాపు పన్నెండు సంవత్సరాలు విజేతగా నిలిచాడు. 1942లో రెండు పోటీల పారితోషికాన్ని నౌకాదళ, సైనిక సహాయనిధులకు విరాళంగా ఇచ్చాడు. యుద్ధానంతరం ఆదాయపు పన్ను శాఖ వెంటబడగా, వయసు మళ్ళిన తరువాత కూడా బాకీల కొరకు బరిలోకి దిగవలసి వచ్చినది. చివరి రోజులలో లాస్ వేగాస్‌లోని ఒక హోటలులో అతిథులను పలకరించే కొలువు చేశాడు.

సైకిలు పందేల విజేత మేజర్ టేలర్ కథ ఇంకా పాతది. 1894లోనే అమెరికా సైకిలు సంఘం నల్లవారికి సభ్యత్వం లేదని తీర్మానించినది. టేలర్ 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. స్వదేశంలో దక్షిణాది పందెపు బాటలు తన కొరకు మూసి ఉండగా 1901లో ఐరోపాకు వెళ్ళి అక్కడ ఆర్జించాడు. 1932లో షికాగోలో నిరుపేదగా మరణించాడు. జెస్సీ ఓవెన్స్ 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో నాలుగు స్వర్ణపతకాలు గెలిచిన సంగతి పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాము. ఆ వెంటనే ఐరోపాలో ప్రదర్శన పందేలు కొనసాగించడానికి నిరాకరించినందుకు ఔత్సాహిక క్రీడాసంఘం అతన్ని బహిష్కరించినదని, అదే సంవత్సరం డిసెంబరులో హవానాలో డబ్బు కొరకు గుర్రంతో పోటీ పరుగెత్తవలసి వచ్చినదని మాత్రం ఆ పాఠాలలో సాధారణంగా ఉండదు.

బేస్‌బాల్ ఆటలో అలిఖిత నియమం ఒకటి 1880ల నుండి నల్లవారిని పెద్ద లీగులకు దూరంగా ఉంచినది. వారు తమ స్వంత లీగును 1920లో స్థాపించుకున్నారు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున అడుగుపెట్టినప్పుడు ఆ గోడ కూలినది. ఆ ఏడాది అతని జీతం 5,000 డాలర్లు, అనగా ఆ లీగులో అతి తక్కువ వేతనం. అతన్ని తీర్చిదిద్దిన కాన్సాస్ సిటీ జట్టుకు పరిహారంగా ఒక్క డాలరు కూడా చెల్లించలేదు. అదే ఆటలో మహాబలుడైన బ్యాటరుగా పేరొందిన జాష్ గిబ్సన్ అప్పటికి మూడు నెలల ముందే, 35 ఏండ్ల వయసులో మరణించాడు. ద్వారం తెరుచుకున్న తేదీ ఒక తరాన్ని కాపాడినది, అంతకు ముందు తరాన్ని చరిత్రకే వదిలివేసినది.

వర్ణభేదం వెనుక రెండున్నర శతాబ్దాల బానిసత్వం, చట్టబద్ధమైన వేర్పాటు, ప్రాణభయం ఉన్నవి. దానిని మన నగరపు అనుభవాలతో ఒకే తక్కెడలో తూచడం సరికాదు. అయినా ద్వారాలు పనిచేసే తీరు ఒకటే గనుక, ఆ దీపంతో మన ఇంటిని కూడా చూచుకోవచ్చును.

కరీబియన్ దీవుల నుండి హైదరాబాదు వరకు

క్రికెట్టులో వర్ణభేదం మనకు మరింత దగ్గరి విషయం. వెస్టిండీస్ జట్టులో ఆడేవారిలో అధికులు నల్లవారైనా, నాయకత్వం మాత్రం తెల్లవారి హక్కుగా సాగినది. 1948లో జార్జి హెడ్లీ ఒక్క టెస్టుకు నాయకుడైన మాట నిజమే. పూర్తికాలపు నాయకత్వం ఒక నల్లజాతీయునికి, ఫ్రాంక్ వారెల్‌కు, 1960లో గాని దక్కలేదు. జీతం తీసుకొని ఆడేవారికి ఇంగ్లండులోని లాంకషైర్ లీగులే దిక్కు. లియరీ కాన్‌స్టంటైన్ 1929 నుండి 1937 వరకు నెల్సన్ అనే చిన్న పట్టణపు జట్టుకు ఆడి, తన దీవిలో ఎన్నడూ ఊహించని సంపాదన చూచాడు. వారెల్ 1948-49లో భారతదేశ పర్యటనకు 250 పౌండ్లు కోరగా, వెస్టిండీస్ బోర్డు నిరాకరించినది. అతడు రాలేదు. మరుసటి ఏడాది కామన్‌వెల్త్ జట్టుతో వృత్తి ఆటగానిగా వచ్చి మన మైదానాలలోనే పరుగులు వరదగా పారించాడు. స్వదేశపు బోర్డు విలువ కట్టని ఆటకు బయటి విపణి విలువ కట్టినది.

ఈ కథలో హైదరాబాదుకు కూడా ఒక పుట ఉన్నది. ఆఫ్రికా మూలాలవారు ఈ నగరానికి కొత్త కాదు. నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మీదనే మన ఏ.సి. గార్డ్స్ వెలసినది. 1962-63లో జమైకాకు చెందిన ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాదు తరఫున రంజీ ట్రోఫీలో ఆడాడు. 1962 మార్చిలో బార్బడోస్‌లో నారీ కాంట్రాక్టరు తలకు బంతి తగిలి ప్రాణాపాయ స్థితికి చేరిన తరువాత, మన బ్యాట్స్‌మన్లకు వేగవంతమైన బౌలింగు అలవాటు కావలెనని క్రికెట్ బోర్డు నలుగురు వెస్టిండీస్ బౌలర్లను రప్పించినది. వారిలో గిల్‌క్రిస్ట్ ఒకడు. చెరకు తోటల నడుమ పెరిగిన ఈ బౌలరు 13 టెస్టులలో 57 వికెట్లు తీశాడు. 1958-59 భారత పర్యటనలో బ్యాట్స్‌మన్ తలకు గురిచూచి బంతులు వేసినందుకు నాయకుడు అతన్ని ఇంటికి పంపించివేశాడు. అతని ప్రవర్తన ప్రమాదకరమైనదే, దానిని సమర్థించనక్కరలేదు. గమనించవలసినది వేరొకటి. 24 ఏండ్లకే టెస్టు ద్వారం మూసుకున్న తరువాత అతని చేతిలో మరే చదువు గాని, ఉద్యోగం గాని లేవు. లాంకషైర్ లీగులు, మన ఊరి ఒక సీజను, ఇవే అతని జీవిక.

తెలుగువాడైన కర్నల్ సి.కె. నాయుడు జీవితంలో వలసపాలన నాటి వర్ణభేదం వేరొక రూపంలో కనబడుతుంది. నాయుడు 1895లో నాగపూరులో జన్మించాడు. 1926లో ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో 11 సిక్సర్లతో 153 పరుగులు చేశాడు. ఆ జింఖానాలో భారతీయులకు ఆడేందుకు అనుమతి ఉండినదే గాని సభ్యత్వం లేదు. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు నాయకుడయ్యాడు. అది కూడా జట్టు నాయకులుగా వెళ్ళిన సంస్థానాధీశుడు, ఉపనాయకుడు తప్పుకున్నందువలన. 1936లో అదే నాయుడు, ఆటలో తనకంటె ఎన్నో మెట్లు క్రింద ఉన్న విజయనగరం మహారాజకుమారుని నాయకత్వంలో ఆడవలసి వచ్చినది. నాయుడు గారికి జీవనాధారం ఇండోరులో హోల్కారు మహారాజు కొలువు. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో ఆయన కనబడ్డాడు. ఒక సరుకుకు ప్రచారకర్తగా నిలిచిన మొదటి భారతీయ క్రికెటరు ఆయనే అంటారు. అప్పటికి ఆయన వయసు 45. మూడవ ద్వారం తెరుచుకున్న వేళకు ఆట సాయంకాలానికి చేరుకున్నది.

రహీం సాహెబు శిష్యులు

హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవం గురించి మన పెద్దలు ఇప్పటికీ ఉర్దూలోను, తెలుగులోను కథలుగా చెప్పుకుంటారు. దాని శిల్పి సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. భారత జట్టు శిక్షకునిగా ఆయన 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో మరల స్వర్ణం సాధించి పెట్టాడు. 1962 సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన నాటికే ఆయన క్యాన్సరుతో బాధపడుతున్నాడు. 1963 జూన్ 11న మరణించాడు. ఆయన గాథ 2024లో హిందీ చలనచిత్రంగా వచ్చే వరకు ఈ తరం విద్యార్థులలో చాలామందికి ఆ పేరు తెలియదు.

ఆ జట్టులలో ఆడినవారికి ఏమి దక్కినది? వర్ణం ఇక్కడ అడ్డు కాదు. అడ్డుపడినది అమెచ్యూర్ నియమం. ఒలింపిక్ క్రీడలలో ఆడవలెనంటే ఆటకు కూలి తీసుకోరాదు. ఈ నియమం పుట్టినది ఇంగ్లండులో. జీవనోపాధికి వెతుక్కోనక్కరలేని పెద్దమనుషుల ఆటగా క్రీడలను నిలుపుకోవడానికి అది ఉపయోగపడినది. తండ్రి ఆస్తి ఉన్నవానికి అది గౌరవచిహ్నం. రెక్కాడితే గాని డొక్కాడని ఇంటి పిల్లవానికి అది సంకెల. మనదేశంలో దానికి కనిపెట్టిన ఉపాయం ఉద్యోగం. పోలీసు శాఖలోనో, రైల్వేలోనో చిన్న కొలువు ఇచ్చి, ఆ జీతమే ఆటకు ప్రతిఫలంగా సరిపెట్టారు. కూడు దొరికినది నిజమే. అయితే ఆటగాని ధర అతని గోళ్ళను బట్టి గాక, హోదాను బట్టి నిర్ణయమైనది. మైదానం నిండినా, నిండకపోయినా కానిస్టేబులు జీతం కానిస్టేబులు జీతమే.

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఈ పరిస్థితికి ఉదాహరణ. పేద కుటుంబంలోని ఆ కుర్రవానిని రహీం సాహెబు చేరదీశాడు. ఇరవై ఏండ్లకే మెల్‌బోర్న్‌లో ఆడిన బలరాం, 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. అతని వలెనే హైదరాబాదు మెరికలు ఒకరి వెనుక ఒకరు కలకత్తా దారి పట్టారు. మేజర్ టేలర్ ఐరోపాకు, కాన్‌స్టంటైన్ లాంకషైరుకు వెళ్ళినట్లే, విలువ కట్టే చోటికి ప్రతిభ వలసపోయినది. అనారోగ్యం వలన బలరాం 1963లోనే ఆట మానవలసి వచ్చినది. బెంగాల్‌లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. 1962 స్వర్ణ జట్టులోని మరొక హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ కూడా తన చివరి సంవత్సరాలు రోగంతో, లేమితో గడిపి 2006లో మరణించాడు. స్వర్ణపతకం అల్మారాలో ఉన్నది, మందుల ఖర్చుకు మార్గం లేదు.

ఒకే ఊరి ఇద్దరు అమ్మాయిలు

ద్వారాల ప్రాధాన్యం స్పష్టంగా తెలుసుకోవలెనంటే మన నగరంలోనే పెరిగిన ఇద్దరు క్రీడాకారిణులను పక్కపక్కన నిలిపి చూడవచ్చును. ఒకరు 1982లో జన్మించిన మిథాలీ రాజ్, రెండవవారు 1986లో జన్మించిన సానియా మీర్జా. ప్రతిభలో గాని, కృషిలో గాని ఒకరికి ఒకరు తీసిపోరు.

సానియా ఎంచుకున్న టెన్నిస్‌లో ఆమె పుట్టక ముందే పోరాటం జరిగినది. నల్లజాతి వనిత ఆల్తియా గిబ్సన్ 1957లోను, 1958లోను వింబుల్డన్ గెలిచినా, అది ఔత్సాహిక పోటీ గనుక బహుమతి ధనం ఒక్క పౌను రాలేదు. 1968లో ఆర్థర్ యాష్ అమెరికన్ ఓపెన్ గెలిచినప్పుడు అతడు అమెచ్యూర్ అయినందువలన 14,000 డాలర్ల బహుమతి ఓడిపోయిన టామ్ ఓకర్‌కు వెళ్ళినది. విజేతకు దినభత్యమే దక్కినది. ఆ తరువాత స్త్రీలు సంఘటితమై పోరాడగా అమెరికన్ ఓపెన్ 1973 నుండి, వింబుల్డన్ 2007 నుండి స్త్రీపురుషులకు సమాన బహుమతి ఇస్తున్నవి. అందుచేత సానియా 2015లో వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచినప్పుడు ఆమెకు, భాగస్వామికి అందినది పురుషుల జంటకు అందినంత.

మిథాలీ 1999లో తన తొలి అంతర్జాతీయ వన్డేలోనే ఐర్లండుపై శతకం చేసినది. 2002లో ఇంగ్లండుపై టాంటన్‌లో 214 పరుగులు చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. 2005లో ఆమె నాయకత్వంలో మన జట్టు ప్రపంచకప్పు ఫైనల్ చేరినది. ఆ టోర్నీలో తమకు ముట్టినది ఒక్కొక్క ఆటకు వెయ్యి రూపాయలని ఆమె స్వయంగా చెప్పినది. మ్యాచ్ ఫీజు లేదు, వార్షిక ఒప్పందం లేదు. రైల్వే ఉద్యోగమే ఆధారం. మహిళల క్రికెట్టు భారత క్రికెట్ బోర్డు క్రిందికి వచ్చినది 2006లో. స్త్రీపురుషులకు సమాన మ్యాచ్ ఫీజు ప్రకటించినది 2022 అక్టోబరులో: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ-20కి 3 లక్షలు. మిథాలీ ఆటకు స్వస్తి చెప్పినది అదే సంవత్సరం జూన్‌లో. కోట్ల రూపాయల వేలంతో మహిళల ప్రీమియర్ లీగు ఆరంభమైనది 2023 మార్చిలో. వన్డేలలో 7,805 పరుగులు చేసిన క్రీడాకారిణి, తాను తెరిపించిన ద్వారం గుండా తాను లోపలికి పోలేకపోయినది.

ఆ ద్వారం తరువాతి వారికి తెరిచే ఉన్నది. 2025 నవంబర్ 2న మన మహిళలు ప్రపంచకప్పు గెలిచినప్పుడు బోర్డు 51 కోట్ల రూపాయల బహుమతి ప్రకటించినది. ఆ జట్టులో హైదరాబాదు అమ్మాయి అరుంధతి రెడ్డి, కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నారు. అయితే అంతరం పూర్తిగా చెరిగిపోలేదు. 2024-25 వార్షిక ఒప్పందాలలో పురుషుల అత్యున్నత శ్రేణికి 7 కోట్లు కాగా, మహిళల అత్యున్నత శ్రేణికి 50 లక్షలు. అనగా పదునాలుగింట ఒక వంతు.

గచ్చిబౌలి చెప్పే పాఠం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుండి నగరపు పడమటి దిక్కు రూపురేఖలు మారిపోయినవి. అదే దిక్కున 2002 జాతీయ క్రీడల కొరకు గచ్చిబౌలి మైదానం సిద్ధమైనది. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్ శీతలపానీయపు ప్రకటనను ఆరోగ్యదృష్టితో నిరాకరించి, తన ఇల్లు తాకట్టు పెట్టి మరీ ఇక్కడ శిక్షణాలయం నిర్మించాడు. 2008లో అది తలుపులు తెరచినది. తనకు వచ్చిన ధనాన్ని తానే వద్దనడం వేరు, రావలసిన ధనం రానివ్వకపోవడం వేరు. మొదటిది ఆటగాని స్వేచ్ఛ, రెండవది అతనిపై జరిగిన అన్యాయం. ఆ శిక్షణాలయం నుండి వచ్చిన సింధు ఒలింపిక్ పతకాలతో పాటు ప్రకటనల ద్వారా కూడా గణనీయంగా ఆర్జించినది. ఆటో నడిపిన తండ్రి కుమారుడు మహమ్మద్ సిరాజ్‌ను 2017 వేలంలో హైదరాబాదు జట్టు 2 కోట్ల 60 లక్షలకు తీసుకున్నది. పేద ఇంటి పిల్లవానికి ద్వారం తెరిస్తే ఏమి జరుగుతుందో దీనిని బట్టి తెలుస్తున్నది.

కాని తెరిచిన ద్వారం ఎల్లప్పుడూ తెరిచే ఉంటుందనుకోరాదు. గచ్చిబౌలి మైదానమే నిలయంగా 2019లో వెలసిన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేత అయినది. 2023-24 సీజనులో వేతనాల వివాదాల నడుమ పలువురు ఆటగాళ్ళు జట్టును విడిచిపోయారు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది. రహీం సాహెబు కాలంలో జీతం చిన్నదైనా నెల తిరిగేసరికి వచ్చేది. కొత్త పద్ధతిలో మొత్తం పెద్దది, భరోసా చిన్నది. క్రీడాజట్లను పోషించిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో, ఆంధ్రా బ్యాంక్ 2020లో ఇతర బ్యాంకులలో విలీనమైనవి. వాటి ఎదుట నేడు ఎత్తైన అద్దాల మేడలు ఎన్నో లేచినవి. ఆ మేడలలోని సంస్థలు ఉద్యోగుల కొరకు క్రికెట్టు పోటీలు నడుపుకుంటున్నవి గాని, జిల్లా స్థాయి ఆటగానికి కొలువు ఇచ్చి పోషించే పాత సంప్రదాయాన్ని అందిపుచ్చుకోవలసి ఉన్నది.

మనం చేయదగిన పనులు

విద్యార్థి మిత్రులు మొదట గ్రహించవలసినది, చదువు ఆటకు శత్రువు కాదని. గిల్‌క్రిస్ట్‌కు ద్వారం మూసుకున్న నాడు పక్కన మరొక ద్వారం లేదు. రెండవది, సంతకం చేసే ముందు ఒప్పందం చదవడం నేర్చుకోవలెను. వేతనం ఎంత, ఎప్పుడు ఇస్తారు, గాయపడితే వైద్యం ఎవరిది, పేరును ప్రకటనలలో వాడుకుంటే వాటా ఎంత అనే నాలుగు ప్రశ్నలు ప్రతి క్రీడాకారునికి కంఠస్థం కావలెను. జో లూయీ వంటి మహావీరుడు బరిలో కంటె కాగితాల మీదనే ఎక్కువ నష్టపోయాడు.

కళాశాల యాజమాన్య సంఘం వారికి మూడు మనవులు. ఆటల కొరకు వెళ్ళిన విద్యార్థుల హాజరు, పరీక్షల విషయంలో స్పష్టమైన నియమం వ్రాతపూర్వకంగా ఉండవలెను. ఒకరి దయ మీద అది ఆధారపడరాదు. వాణిజ్యశాస్త్ర శాఖ వారు ఏటా ఒక రోజు క్రీడా ఒప్పందాలు, ఆదాయపు పన్ను, బీమా గురించి పాఠం చెప్పించవలెను. మన విద్యార్థినులకు మైదానంలో వేరుగా, భద్రంగా సాధన చేసుకునే వేళలు కేటాయించవలెను. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ప్రపంచ ముష్టియుద్ధ విజేతగా నిలిచిన తరువాత, ఆడపిల్లలకు ఆటలెందుకు అని అడిగేవారికి వేరే సమాధానం అక్కరలేదు.

ఇంకొక పని ఈ పత్రికే చేయవచ్చును. పాత నగరపు గల్లీలలో, సికింద్రాబాదు బస్తీలలో రహీం సాహెబు కాలపు ఆటను కళ్ళారా చూచినవారు ఇంకా కొందరున్నారు. వారి జ్ఞాపకాలను, వారి జీతాల లెక్కలతో సహా, ఉర్దూ భాగంలో ఒకరు, తెలుగు భాగంలో ఒకరు వ్రాసి వచ్చే సంచికలో ప్రచురించవలెను. అమెరికాలో నల్లజాతి లీగుల లెక్కలు వ్రాసిపెట్టినవారు ఉన్నందువలననే 2020లో వాటికి పెద్ద లీగుల హోదా లభించినది. ఎవరు ఎంత ఆడారు, వారికి ఎంత ముట్టినది అనే లెక్క మన వద్ద కూడా కాగితం మీద ఉండవలెను.